టామీయా, ద వాలా?

కథ చెప్పే రాక్ ఆల్బమ్‌ల మాట ఎక్కడ వచ్చినా రెండు పేర్లు ఎదురెదురుగా నిలబడతాయి. ఒకటి, ద హూ బృందం 1969 మే నెలలో తెచ్చిన ‘టామీ’. రెండోది, పింక్ ఫ్లాయిడ్ 1979 నవంబర్ 30న తెచ్చిన ‘ద వాల్’. రెండూ లండన్ బృందాలే. రెండూ జంట రికార్డులే, అంటే నాలుగు వైపులు. రెండింటిలోనూ యుద్ధం తండ్రిని లాక్కుపోయిన పిల్లవాడే నాయకుడు. వాడు తనలోకి తాను మూసుకుపోతాడు, పెద్దయ్యాక వేలమంది ఎదుట నిలబడతాడు. రెండూ తర్వాత సినిమాలయ్యాయి. ఇన్ని పోలికలున్నా రెండింటినీ సమానంగా ప్రేమించేవాళ్లు నాకు పెద్దగా తారసపడలేదు. ఒకరు అటు, ఒకరు ఇటు.

అలాంటి ఇద్దరి వాదన ఇది. మేనమామ విశాఖలో ఇంజినీరింగ్ చదివే రోజుల్లో క్యాసెట్ మీద ‘ద వాల్’ విని, ఇప్పటికీ దాన్ని వదలనివాడు. మేనకోడలు హైదరాబాద్‌లో ఒక బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయిస్తుంది. తాను పుట్టడానికి ఎన్నో ఏళ్ల ముందు వచ్చిన ‘టామీ’ ఆమెకు ప్రాణం. నేను ఇద్దరికీ కావలసినవాణ్నే గానీ తటస్థుణ్ని కాను. నా తీర్పు చివర చెబుతాను.

మేనమామ: ఒక ఆల్బమ్ మొదటి నుంచి చివరిదాకా ఒకే సంగతి చెప్పాలంటే ‘ద వాల్’లా చెప్పాలి అమ్మాయ్. అది గాల్లోంచి పుట్టలేదు. 1977 జూలై 6, మాంట్రియల్ ఒలింపిక్ స్టేడియం. పింక్ ఫ్లాయిడ్ పర్యటనలో అదే ఆఖరి కచేరీ. జనం పాట వినడం మానేసి కేకలు వేస్తున్నారు, టపాకాయలు కాలుస్తున్నారు. వేదిక ముందుకు ఎగబడిన ఒకడి మీద, బృందానికి పాటలు రాసే రోజర్ వాటర్స్ ఉమ్మేశాడు. ఆ తర్వాత తన మీద తనకే అసహ్యం వేసింది. తనకూ జనానికీ మధ్య నిజంగానే ఒక గోడ కట్టేస్తే ఎలా ఉంటుంది అన్న ఊహ అక్కడ మొదలైంది. తాను చేసిన నీచమైన పనిని దాచుకోకుండా దాని చుట్టూ ఒక మహానిర్మాణం చేసినవాడు వాటర్స్.

మేనకోడలు: ఒప్పుకుంటాను మావయ్యా. కానీ ఎవరి మీద ఉమ్మేశాడో వాడు ఆ ఆల్బమ్‌లో ఎక్కడున్నాడు? ఈ ప్రశ్న గుర్తుపెట్టుకో, మళ్లీ అడుగుతాను. ముందు నీ నిర్మాణం సంగతి పూర్తిగా చెప్పు.

మేనమామ: చెబుతాను విను. వాటర్స్ తండ్రి ఎరిక్ ఫ్లెచర్ వాటర్స్ 1944 ఫిబ్రవరిలో ఇటలీలోని ఆంజియో దగ్గర యుద్ధంలో చనిపోయాడు. అప్పటికి రోజర్ అయిదు నెలల పసివాడు. ఆల్బమ్‌లో పింక్ అనే గాయకుడి కథ అక్కణ్నుంచే మొదలవుతుంది. తండ్రి లేకపోవడం ఒక ఇటుక. ఊపిరాడనివ్వని తల్లి ప్రేమ ఒక ఇటుక. పిల్లల్ని ఎగతాళి చేసే బడిపంతులు ఒక ఇటుక. చెయ్యి జారిన భార్య ఒక ఇటుక. రెండో వైపు పూర్తయ్యేసరికి గోడ పూర్తవుతుంది. మూడో వైపు అంతా గోడ లోపలి ఒంటరితనం. దాని చివర మందు సూది పొడిచి వేదిక ఎక్కిస్తే, నాలుగో వైపు వాడు ఆ మత్తులో నియంత అయిపోతాడు. చివరికి తన మీద తానే విచారణ పెట్టుకుంటాడు, గోడ కూల్చమని తీర్పు వస్తుంది. ఆల్బమ్ ఆఖరి క్షణంలో ఒక గొంతు మాట మొదలుపెట్టి సగంలో ఆగిపోతుంది. మిగతా సగం మొదటి రికార్డు మొట్టమొదట్లో వినిపిస్తుంది. కూలిన గోడ మళ్లీ లేస్తుందని ఇంతకన్నా ఎలా చెబుతారు? ప్రొడ్యూసర్ బాబ్ ఎజ్రిన్ పాటలన్నిటినీ కథగా పేర్చి నలభై పేజీల స్క్రిప్ట్ రాశాకే పని గాడిలో పడింది. ‘అనదర్ బ్రిక్ ఇన్ ద వాల్’ బాణీ మూడు చోట్ల మూడు మనఃస్థితుల్లో వస్తుంది. పునాది వేసినవాడికి పైకప్పు ఎక్కడ పడుతుందో తెలుసు.

మేనకోడలు: ‘టామీ’కి అంత ముందుచూపు లేదు. దాని పుట్టుక వేరు. 1966లో ద హూ పాటలు రాసే పీట్ టౌన్‌షెండ్ తొమ్మిది నిమిషాల చిన్న కథాగేయం ఒకటి రాశాడు. అది కుదిరింది. ఆ మరుసటి ఏడాది ‘రాయెల్’ అని ఇంకొకటి మొదలుపెడితే సగంలో ఆగింది. అందులోని వాద్యభాగమే ‘టామీ’లోకి వచ్చి పది నిమిషాల ‘అండర్చర్’ అయింది. ఇంకో పాట తోక తెచ్చి పిల్లవాడి పుట్టుక ఘట్టానికి తగిలించాడు. 1968 సెప్టెంబర్‌లో లండన్‌లోని ఐబీసీ స్టూడియోలోకి వెళ్లి, మరుసటి ఏడాది మార్చిదాకా చేశారు. డబ్బుల్లేవు. వారం మధ్యలో రికార్డింగ్, వారాంతంలో ఊళ్లు తిరిగి కచేరీలు. ఆర్కెస్ట్రాని పిలవలేదు. ఫ్రెంచ్ హార్న్ కావలసి వస్తే బేస్ వాయించే జాన్ ఎంట్‌విసిలే వాయించాడు. నలుగురు మనుషులు ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటూ వాయించిన శబ్దం అది. బేస్ వాయించేదాన్ని కాబట్టి నాకు అది వెంటనే తెలుస్తుంది. కీత్ మూన్ డ్రమ్స్ తాళం పట్టి ఊరుకోదు, గొంతుతో పోటీగా తనూ ఏదో చెబుతూ ఉంటుంది.

మేనమామ: వాయింపు బాగుందని కథ బాగున్నట్టా? టామీ తండ్రి కెప్టెన్ వాకర్ మొదటి ప్రపంచ యుద్ధంలో కనబడకుండా పోయాడు. 1921లో తిరిగొచ్చాడు. ఇంట్లో భార్య పక్కన ఇంకొకడు. హత్య జరిగింది. రికార్డు మాత్రమే విన్నవాడికి ఎవరు ఎవర్ని చంపారో తెలియదు. 1975లో కెన్ రస్సెల్ సినిమా తీసినప్పుడు యుద్ధాన్నే మార్చేశాడు, ప్రియుడి బదులు తండ్రిని చంపించేశాడు. అయినా కథకు ఏమీ కాలేదు. హంతకుడు మారినా చెక్కుచెదరకపోతే దాన్ని కథ అంటారా?

మేనకోడలు: చెక్కుచెదరకపోవడంలోనే దాని బలం ఉంది. చంపింది ఎవరన్నది పిల్లవాడి గాయం కాదు. చూసింది చూడలేదనీ, విన్నది వినలేదనీ, ఎవరికీ చెప్పకూడదనీ కన్నవాళ్లే గద్దించారు. వాడు అక్షరాలా ఆ మాట పాటించాడు. చూపు, వినికిడి, మాట మూడూ పోయాయి. ఇంట్లో జరిగిన ఘోరాన్ని మింగేయమని పిల్లల నోరు నొక్కే ప్రతి ఇంటి కథ ఇది. ఆ తర్వాత వాణ్ని హింసించే బంధువు, వాడి మీద చెయ్యి వేసే బాబాయి. ఆ రెండు పాటలూ టౌన్‌షెండ్ రాయలేకపోయాడు, ఎంట్‌విసిల్‌ని రాయమని అడిగాడు. చిన్నతనంలో అమ్మమ్మ దగ్గర గడిపిన రోజుల చీకటి గురించి ఎన్నో ఏళ్ల తర్వాత, 2012లో వచ్చిన ఆత్మకథలో రాశాడు. అది చదివాక ఆ పాటలు ఎందుకు వేరేవాడి చేత రాయించాడో నాకు అర్థమైంది. 1969లో రాక్ పాటలో ఇలాంటి సంగతి ఎవరు ముట్టుకున్నారు మావయ్యా?

మేనమామ: ముట్టుకున్నాడు, ఒప్పుకుంటాను. కానీ ఎలా ముట్టుకున్నాడు? అంధత్వం, బధిరత్వం ఉన్న పిల్లల్ని నువ్వూ చూశావు, నేనూ చూశాను. వాళ్ల బతుకుకీ టామీకీ ఏం సంబంధం? కథలోలా అద్దం పగిలితే చూపు వచ్చేస్తుందా? అంగవైకల్యాన్ని ఆధ్యాత్మిక ప్రతీకగా వాడుకుని, అవసరం తీరాక ఒక్క పాటలో నయం చేసేశాడు. ‘ద వాల్’లో పింక్ రోగం నిజమైన మనిషి రోగం. బృందం మొదటి నాయకుడు సిడ్ బారెట్ మనసు చెదిరిపోవడం మిగతా నలుగురూ దగ్గరుండి చూశారు. పింక్‌లో వాటర్స్ ఎంత ఉన్నాడో బారెట్ కూడా అంత ఉన్నాడు.

మేనకోడలు: ఈ విషయంలో నీతో వాదించను. ప్రతీకగానే వాడుకున్నాడు. ఇవాళ రాస్తే అలా రాయకూడదు. ఆ లోపం ‘టామీ’కి ఎప్పటికీ ఉంటుంది.

మేనమామ: ఇంకొకటి కూడా ఒప్పుకో. పిన్‌బాల్! కథలో ఆ ఆటకి చోటెక్కడిది? నిక్ కోన్ అనే విమర్శకుడికి ముందుగా వినిపిస్తే అతనికి పెద్దగా ఎక్కలేదు. అతనికి పిన్‌బాల్ అంటే పిచ్చి. టామీని పిన్‌బాల్ వీరుణ్ని చేస్తే నీకు నచ్చుతుందా అని అడిగి, టౌన్‌షెండ్ అప్పటికప్పుడు ‘పిన్‌బాల్ విజర్డ్’ రాశాడు. మంచి సమీక్ష కోసం కథానాయకుడి వృత్తి మార్చేసినవాణ్ని నువ్వు వెనకేసుకొస్తున్నావు.

మేనకోడలు: ఆ పాట మొదట్లో అకూస్టిక్ గిటార్ మీద చెయ్యి ఆగకుండా పరిగెత్తే మీటు విన్నవాళ్లెవరూ అది బతిమాలుకుని రాసిన పాట అనుకోరు. రాసిన కారణం చిన్నదే, పాట పెద్దదయింది. చూపూ వినికిడీ లేని పిల్లవాడు స్పర్శతో, కంపనంతో ఆడి గెలుస్తాడు. వాడికి లోపల ఒక ప్రపంచం ఉందని బయటివాళ్లకి మొదటిసారి తెలిసేది అక్కడే. ఆ పాట తీసేస్తే జనం వాడి చుట్టూ ఎందుకు చేరారో చెప్పలేం.

మేనమామ: కథకు ఇన్ని కంతలుంటే పాటలే పూడ్చుకోవాలి మరి. హరికథలో దాసుగారు ఎక్కడ కథ వదిలి పిట్టకథలోకి వెళ్లినా జనానికి ఇబ్బంది ఉండదు. సీతాకల్యాణం అందరికీ ముందే తెలుసు. టామీ కథ ఎవరికి తెలుసు? తెలియని కథని సగం చెప్పి వదిలేస్తే వినేవాడు ఏం పట్టుకోవాలి?

మేనకోడలు: అక్కడికే వస్తున్నాను. ఏడాది తిరిగేసరికి ఆ కథ వినేవాళ్లందరికీ తెలిసిపోయింది. ద హూ వాళ్లు దాన్ని ఊరూరా వేదిక మీద వాయించారు. 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ ఉత్సవంలో రాత్రంతా ఆలస్యమై, వీళ్లు చివరి భాగానికి వచ్చేసరికి తెల్లవారింది. నన్ను చూడండి, నన్ను తాకండి అని టామీ వేడుకునే బాణీ దగ్గర సూర్యుడు పైకి వచ్చాడు. 1970 జూన్ 7న న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా హౌస్‌లో ఒకే రోజు రెండు ప్రదర్శనలు. రికార్డులో సన్నగా, కొంచెం బిగుసుకున్నట్టు ఉన్న సంగీతం ఆ కచేరీల్లో రెండింతలైంది. అప్పటి ప్రదర్శనల రికార్డింగ్‌లు విను. కంతలన్నావే, జనం వచ్చి నిలబడింది వాటిలోనే. ‘ద వాల్’ని 1980, 81ల్లో ఎన్ని చోట్ల వేశారు?

మేనమామ: నాలుగు చోట్ల. లాస్ ఏంజెలిస్, న్యూయార్క్ శివార్లు, లండన్, జర్మనీలో డార్ట్‌మండ్. అంతకన్నా తిప్పడం సాధ్యం కాలేదు. కారణం తెలుసా? అట్ట ఇటుకలతో దాదాపు పన్నెండు మీటర్ల ఎత్తు గోడని కచేరీ జరుగుతుండగానే బృందానికీ జనానికీ మధ్య కట్టేవాళ్లు. సగం కచేరీ అయ్యేసరికి బృందం కనపడదు. ఆ గోడ మీద జెరాల్డ్ స్కార్ఫ్ బొమ్మలు కదిలేవి. ‘కంఫర్టబ్లీ నమ్’ వచ్చినప్పుడు గోడ మీద, అంత ఎత్తున, డేవిడ్ గిల్మర్ ఒక్కడే నిలబడి గిటార్ వాయించేవాడు. డబ్బు ఖర్చుపెట్టి కచేరీకి వచ్చినవాణ్ని కచేరీ చూడనివ్వకపోవడమే కచేరీ. ఆల్బమ్ చెప్పిన మాటే వేదిక కూడా చెప్పింది. రాక్ చరిత్రలో ఇంత ధైర్యం ఇంకెవరు చేశారు?

మేనకోడలు: ధైర్యమే. అప్పటి బృందం పరిస్థితి కూడా చెప్పు.

మేనమామ: తెలిసిన సంగతే. పెట్టుబడుల సంస్థని నమ్మి డబ్బు పోగొట్టుకున్నారు. ఇంగ్లండ్ పన్నుల నుంచి తప్పించుకోడానికి ఫ్రాన్స్‌లో, తర్వాత అమెరికాలో రికార్డింగ్ చేశారు. మధ్యలో కీబోర్డ్ వాయించే రిక్ రైట్‌ని వాటర్స్ బృందం నుంచి తీసేయించాడు. ఆ కచేరీల్లో రైట్ జీతానికి వాయించాడు. నష్టం మిగతా ముగ్గురూ పంచుకున్నారు.

మేనకోడలు: మనుషుల మధ్య గోడలు పెరిగిపోవడం గురించి రాస్తూ, స్నేహితుణ్ని బయటికి పంపి గోడ కట్టారు. ఇది నాకు బాధగా ఉంటుంది. ఆల్బమ్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ‘కంఫర్టబ్లీ నమ్’. బాణీ గిల్మర్‌ది, మాటలు వాటర్స్‌వి, ఆర్కెస్ట్రా కూర్పు మైకేల్ కేమెన్‌ది. డాక్టర్ గొంతు కింద నేల మీదే ఉంటుంది, పింక్ గొంతు పైకి తేలిపోతుంది. ఆ చివరి గిటార్ గురించి మాటల్లో చెప్పడం నాకు చేతకాదు. ఇద్దరు మనుషులు పోట్లాడుకుంటూనే కలిసి చేసిన పాట అది. ఒక్కడే రాసుకున్న పాటల్లో ఆ ఊపిరి లేదు.

మేనమామ: మరి ‘అనదర్ బ్రిక్ ఇన్ ద వాల్’లోని బడిపిల్లల పాట? అది ఒక్కడే రాసుకున్నదే. ఒక్క చరణమే ఉంటే, ఎజ్రిన్ దానికి నాట్య తాళం పెట్టించి, లండన్‌లో వాళ్ల స్టూడియో పక్కనే ఉన్న ఇస్లింగ్టన్ గ్రీన్ బడి పిల్లల చేత అదే చరణం పాడించి రెండోసారి కలిపాడు. 1979 క్రిస్మస్‌కి ఇంగ్లండ్‌లో అదే మొదటి స్థానం. మరుసటి ఏడాది దక్షిణాఫ్రికాలో నల్లజాతి విద్యార్థులు తమ మీద రుద్దిన చదువుని ఎదిరించి బడులు బహిష్కరించినప్పుడు ఆ పాట పాడుకున్నారు. ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 1990 జూలై 21న బెర్లిన్‌లో, నిజం గోడ కూలిన చోట, వాటర్స్ మొత్తం ఆల్బమ్ ప్రదర్శించాడు. నీ టామీ పాట ఏ ప్రభుత్వాన్ని భయపెట్టింది చెప్పు?

మేనకోడలు: ఏ ప్రభుత్వాన్నీ భయపెట్టలేదు. కానీ చూడు, ఆ పాట అంత దూరం వెళ్లింది పిల్లల గొంతులు కలిశాకే. పింక్ ఒక్కడి ఫిర్యాదుగా ఉన్నంతకాలం అది వాటర్స్ బాల్యం. ఇరవైమందికి పైగా పిల్లలు ఒక్క గొంతుతో పాడితే ఎవరిదైనా అయిపోతుంది. నేను చెప్పేది అదే. అలాంటి గొంతులు ఆ ఆల్బమ్‌లో ఇంకెక్కడున్నాయి? తల్లి ఉంది, పింక్ మీద నేరం చేసిందానిగా. భార్య ఉంది, ఆమె కూడా నేరస్తురాలే. విచారణలో ఇద్దరూ వికృతమైన బొమ్మలుగా వస్తారు. పంతులూ అంతే. అన్ని గొంతులూ వాటర్సే పలుకుతాడు. భార్య వేరేవాణ్ని ఎందుకు చూసుకుందో, అన్నేళ్లు ఊళ్లు తిరిగే మొగుడితో ఎలా గడిపిందో ఒక్క మాట లేదు. పింక్ అమెరికా నుంచి ఇంటికి ఫోన్ చేస్తే మగగొంతు పలుకుతుందే, ఆ ఫోన్ కలిపే ఆపరేటర్ నిజం ఆపరేటర్. రికార్డ్ చేస్తున్నారని ఆవిడకి తెలియదు. పాపం ఆవిడ ఆశ్చర్యం, ఆదుర్దా మాత్రమే ఆ మొత్తం ఆల్బమ్‌లో ఒక బయటి ఆడమనిషి నిజంగా స్పందించిన చప్పుడు.

మేనమామ: అదంతా పింక్ తలలో జరిగే కథ తల్లీ. గోడ లోపల కూర్చున్నవాడికి బయటివాళ్లు అలాగే కనిపిస్తారు. తల్లిని న్యాయంగా చూడగలిగితే వాడికి గోడెందుకు? కళాకారుడు రోగిని రోగిగానే చూపించాలి.

మేనకోడలు: మంచి సమాధానమే. అయినా ఎనభై నిమిషాలు ఆ తలలోంచి ఒక్క కిటికీ కూడా తెరవకపోతే, రోగాన్ని చూపిస్తున్నాడో మనకి అంటిస్తున్నాడో నాకు తెలియడం లేదు.

మేనమామ: టామీలో ఎవరు కిటికీ తెరిచారు? గురువు, భక్తులు, మహిమలు! టౌన్‌షెండ్ మెహెర్ బాబా శిష్యుడు కదా. కవర్ మీద అవతార్ అని ఆయన పేరు వేసుకున్నాడు. 1954లో బాబా మన ఆంధ్రలో పర్యటించారు, కొవ్వూరు కూడా వచ్చారు. గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ ఆయన భక్తులున్నారు. మా ఊళ్లో మౌనదినం పాటించేవాళ్లని చిన్నప్పుడు చూశాను. ఆ భక్తి మీద నాకు గౌరవమే. కానీ భక్తుడు రాసిన ఆల్బమ్‌లో ప్రశ్న ఎక్కడుంటుంది?

మేనకోడలు: అందులో ఉన్నంత ప్రశ్న ఎందులోనూ లేదు. బాబా 1925 జూలై 10న మౌనం పట్టారు, 1969 జనవరి 31న దేహం చాలించేదాకా వదల్లేదు. ‘టామీ’ రికార్డింగ్ జరుగుతుండగానే ఆయన పోయారు. మాట్లాడని గురువుని నమ్మినవాడు, మాట వచ్చాక చెడిపోయిన గురువు కథ రాశాడు. టామీకి నయమైంది. జనం చుట్టూ చేరారు. వాడు విడిది శిబిరం పెట్టాడు. ఇంగ్లండ్‌లో కార్మిక కుటుంబాలు సెలవులకి వెళ్లే చవక శిబిరాల్లాంటిది. అది కీత్ మూన్ ఆలోచన. అక్కడ వాడు భక్తుల కళ్లకి గంతలు కట్టిస్తాడు, చెవుల్లో బిరడాలు పెట్టిస్తాడు, నోరు మూయిస్తాడు, పిన్‌బాల్ ఆడమంటాడు. తన గాయాన్ని అందరికీ నియమం చేశాడు. అప్పుడు జనం ఏం చేశారు? ఒప్పుకోలేదు. తిరగబడి వెళ్లిపోయారు. భక్తుడు రాసిన ఆల్బమ్ ఆఖరి ఘట్టంలో గెలిచింది భక్తులు కాదు, గురువుని కాదని బయటికి నడిచినవాళ్లు. నీ నాలుగో వైపున జనం ఏం చేస్తారు మావయ్యా?

మేనమామ: పింక్ చేతికి చిక్కుతారు. నియంత సభలో అరిచే గుంపు అవుతారు. అదీ నిజమే కదా? వేలమంది ఒకే లయకి చప్పట్లు కొడుతుంటే అందులో ఎంత భయం ఉందో చూపించినవాడు వాటర్స్. తన కచేరీనే నియంత సభగా చూపించాడు. తనే ఆ నియంత అన్నాడు. తనని తాను అంత ఘోరంగా చూపించుకున్న గాయకుడు ఇంకెవరున్నారు?

మేనకోడలు: ఆ నిజాయితీకి నమస్కారం పెడతాను. ఇప్పుడు నా మొదటి ప్రశ్న మళ్లీ అడుగుతాను. మాంట్రియల్‌లో ఉమ్ము పడినవాడు ఎక్కడ? ‘టామీ’ నాలుగో వైపున ‘శాలీ సింప్సన్’ అని ఒక పాట ఉంది. ఒక పాదిరి కూతురు టామీ సభకి వెళ్లాలనుకుంటుంది. తండ్రి వద్దంటాడు. దొంగచాటుగా వెళుతుంది. వేదిక మీదికి ఎగబాకి వాణ్ని తాకబోతే కిందికి తోసేస్తారు. ముఖం మీద గాయమవుతుంది. 1968లో న్యూయార్క్‌లో డోర్స్ బృందంతో కలిసి చేసిన కచేరీలో ఒక అమ్మాయికి ఇలాగే దెబ్బ తగలడం చూసి టౌన్‌షెండ్ ఆ పాట రాశాడు. ఆలోచించు. రెండు ఆల్బమ్‌ల వెనకా వేదిక అంచున గాయపడిన ఒక శ్రోత ఉన్నారు. ఒక ఆల్బమ్‌లో ఆ మనిషికి పేరుంది, ఇల్లుంది, తండ్రి ఉన్నాడు, మచ్చ ఉంది, ఆ తర్వాత పెళ్లి కూడా ఉంది. రెండో ఆల్బమ్‌లో ఉమ్మినవాడి బాధ నాలుగు వైపులా ఉంది గానీ, ఉమ్ము తుడుచుకున్నవాడు ఒక్క పాటలోనూ లేడు.

మేనమామ: చాలా గట్టి దెబ్బ కొట్టావు. అయినా ఒకటి చెబుతాను. టౌన్‌షెండ్ పక్కనుంచి చూశాడు, వాటర్స్ తానే చేశాడు. చూసినవాడికి గాయపడిన మనిషి కథ చెప్పే హక్కు ఉంటుంది. చేసినవాడు ఆ మనిషి తరఫున మాట్లాడితే ఎబ్బెట్టుగా ఉండదూ? చేసినవాడు నిజాయితీగా చెప్పగలిగింది తన లోపలి కుళ్లు ఒక్కటే. వాటర్స్ అదే చెప్పాడు. పైగా కథ అక్కడితో ఆగలేదు. 2010 నుంచి 2013 దాకా వాటర్స్ ‘ద వాల్’ని మళ్లీ ప్రపంచమంతా తిప్పాడు. అప్పుడు యుద్ధాల్లో, హింసలో తమవాళ్లని పోగొట్టుకున్నవాళ్లు ఫొటోలు పంపమని అడిగాడు. ఆ ముఖాలన్నీ గోడ మీద చూపించాడు. వాటిలో తన తండ్రి ముఖం కూడా ఒకటి. తన ఒక్కడి దుఃఖం కోసం కట్టిన గోడ మీద అందరి దుఃఖానికీ చోటిచ్చాడు. ఇప్పుడు చెప్పు, జనం లేరంటావా?

మేనకోడలు: వచ్చారు. ముప్పై ఏళ్లకి వచ్చారు. ఆ ప్రదర్శన వీడియో చూసి నేనూ ఏడ్చాను మావయ్యా. కానీ నీ మాటలోనే నా మాట ఉంది. ఆ ఆల్బమ్‌కి ఏం తక్కువైందో వాటర్స్‌కే తెలిసింది, ఆ తక్కువని జనం ముఖాలతో నింపాడు.

మేనమామ: తక్కువని నేననను. ఎదిగిందంటాను. అయిదు నెలల వయసులో తండ్రిని పోగొట్టుకున్నవాడు అరవై ఏళ్లు దాటాక పక్కవాడి తండ్రి ఫొటో అడిగి తీసుకోవడం నాకు చాలా పెద్ద సంగతి. ‘టామీ’ కూడా బ్రాడ్వేకి వెళ్లింది, 1993లో టోనీ అవార్డులు తెచ్చుకుంది. కానీ దాన్ని రాసినవాడు ఇంతగా మారాడని నాకు ఎక్కడా అనిపించలేదు.

మేనకోడలు: మారాల్సిన అవసరం రాలేదేమో. శాలీ 1969 నుంచీ అందులోనే ఉంది.

ఇక నా తీర్పు. వాద్యం, కూర్పు, శబ్దం చెక్కిన తీరు చూస్తే ‘ద వాల్’కి ‘టామీ’ సరితూగదు. మేనమామ వాదనలో ఆ భాగం పూర్తిగా నిజం. అంగవైకల్యాన్ని ప్రతీకగా వాడుకున్నారన్న ఆయన అభ్యంతరానికి మేనకోడలు జవాబు చెప్పలేదు, నా దగ్గరా జవాబు లేదు. తాను చేసిన తప్పుని వాటర్స్ అంత ఒళ్లు గగుర్పొడిచేలా విప్పి చూపించడాన్ని కూడా నేను తక్కువ చేయను. అయినా నేను మేనకోడలి పక్షం. వేదిక మీదున్నవాడికీ కిందున్నవాడికీ ఉన్న సంబంధమే ఈ రెండు ఆల్బమ్‌ల అసలు విషయం. ఆ విషయంలో కిందున్న మనిషిని మనిషిగా చూసింది ‘టామీ’. తన నాయకుడు అబద్ధమని తెలిసినప్పుడు వదిలి వెళ్లగల తెలివి జనానికి ఉందని నమ్మింది ‘టామీ’. ‘ద వాల్’లో ఆ నమ్మకం నాకు దొరకలేదు.

నా మాట మీద నమ్మకం పెట్టుకోవద్దు. పాటల వరస మార్చకుండా, మధ్యలో ఆపకుండా, ముందు ‘ద వాల్’ నాలుగో వైపు, వెంటనే ‘టామీ’ నాలుగో వైపు వినండి. మేనమామదే న్యాయమనిపిస్తే ఆయన పక్షానే నిలబడండి.